పదకొండు ఖాళీ గళ్ళు

స్టోరు కిటికీ రేకు పైకెత్తి కొక్కానికి తగిలించేసరికి దేవకృప ముందు నాలుగు చీటీలు వచ్చి పడ్డాయి. ఆమె చీటీల వంక చూడలేదు. ఇచ్చిన మొహాల వంక చూసింది.

"ఏం చేస్తున్నవ్ నాన్నా?"

"సూప్ ఆంటీ. కార్న్‌స్టార్చ్ కావాలె."

దేవకృప కుడిచెయ్యి కళ్ళతో పనిలేకుండానే వెనక్కి వెళ్ళి, రెండో అరలోంచి 'కార్న్‌ఫ్లోర్' అని ఉన్న డబ్బా తీసుకొచ్చింది. కొలిచి ఇచ్చింది. తరువాతి పిల్ల కేకు చేస్తోంది, పౌడర్డ్ షుగర్ అడిగింది. 'ఐసింగ్ షుగర్' డబ్బా కదిలింది. ఆ తరువాతి వాడు ఆల్‌పర్పస్ ఫ్లోర్ అన్నాడు. 'ప్లెయిన్ ఫ్లోర్' డబ్బా మూత తెరుచుకుంది. అందులో ఉన్నది మైదా. మోండా మార్కెట్లో ఏ కొట్టువాడిని అడిగినా మైదా అనే ఇస్తాడు. కానీ కేటరింగ్ కాలేజీకి ఫీజు కట్టి చదివే పిల్లలు మైదా అని అడిగితే మార్కులు రావు.

దేవకృప పొట్టి మనిషి. కిటికీకి అందడానికి కాళ్ళ కింద నూనె డబ్బాల చెక్కపెట్టె ఒకటి బోర్లించుకుంటుంది. నేత చీర, భుజం మీద రెండు పిన్నులు, ముడిలో గుచ్చిన పెన్సిలు. వేలి కణుపుల ముడతల్లో ఎంత కడిగినా పోని పిండి. ముప్పై ఒక్క ఏళ్ళుగా బన్సీలాల్‌పేట్ నుంచి వచ్చి తొమ్మిదిన్నరకు ఈ కిటికీ తెరుస్తుంది.

ఆమె చేరినప్పుడు ఇక్కడ వంట నేర్పిన పెద్దాయన మిలిటరీ ఆఫీసర్ల మెస్సులలో పనిచేసి వచ్చినవాడు. దొరలు ఏమని పిలిచారో అదే పేరని ఆయన నమ్మకం. డబ్బాలన్నిటికీ ఎనామిల్ పెయింటుతో ఇంగ్లండు పేర్లు తానే రాశాడు. ఆయన పోయాడు, పెయింటు పోలేదు. తరువాత పిల్లలకు పెద్ద పెద్ద విహార ఓడల మీద వంట ఉద్యోగాలు దొరకడం షురూ అయింది. ఆ ఓడలు అమెరికావాళ్ళవి. పుస్తకాలు మారాయి. కొరియాండర్ సిలాంట్రో అయింది, ఆబర్జీన్ ఎగ్‌ప్లాంట్ అయింది, ప్రాన్లు ష్రింపులయ్యాయి. తెల్లవాళ్ళు ఇద్దరూ కూర్చుని వంకాయకు ఒక పేరు పెట్టుకోలేకపోయారు. వాళ్ళ తగువు తీర్చే పని సికింద్రాబాద్‌లో దేవకృప మీద పడింది.

ఆమె తగువు తీర్చిన తీరు ఇంతే: పేరు అడగదు. ఏం చేస్తున్నావని అడుగుతుంది. వంటేదో తెలిస్తే కావలసిందేదో ఆమె చేతికి తెలుసు. పేరు తెలియలేదని ఆ కిటికీ దగ్గరనుంచి ఒట్టి చేతులతో వెళ్ళిన పిల్లలు లేరు. మధ్యాహ్నం మాత్రం ఆమె తినేది పెరుగన్నమూ చింతకాయ పచ్చడీ. దానికి ఏ దొరా పేరు పెట్టలేదు గనుక ఆ అరగంట ప్రాణం హాయిగా ఉండేది.

నలుగురినీ పంపించి ఆమె గోడ గడియారం చూసింది. తొమ్మిదీ ముప్పావు. పదింటికి ఆఖరి సంవత్సరం వాళ్ళ పరీక్ష. పదినుంచి కిటికీ ఉండదు. పిల్లలు తమ బల్ల దగ్గర ట్యాబ్లెట్‌లో సరుకు పేరు కొడతారు. లోపల దేవకృప దగ్గరున్న చిన్న మిషను డబ్బా మీది పేరుతో కాగితం ముక్క కక్కుతుంది. ఆమె కాగితం చూసి ట్రేలో పెట్టి పక్క తలుపు జాలీ కింది సందులోంచి తోస్తుంది. మాటా మంతీ ఉండదు.

ఇవాళ ఆమె ఉద్యోగానికి కూడా చివరి రోజు. అరవై నిండాయి. ఇంకొక్క సంవత్సరం ఉండనిమ్మని రెండు నెలల కిందట అర్జీ పెట్టుకుంది. పెన్షను చాలక కాదు. బన్సీలాల్‌పేట్‌లో ఒక గదీ వంటిల్లూ ఆమె ఒక్కతికి చాలానే ఎక్కువ. అక్కడ పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆమెను ఎవరూ ఏమీ అడగరు. ఆ సంగతి అర్జీలో రాయడానికి వీలుకాక 'సంస్థకు సేవ చేయు అవకాశము' అని రాసింది.

ప్రిన్సిపాల్ వేణుమాధవ్ "చూద్దాం మేడమ్" అన్నాడు. అన్నవాడు అక్కడితో ఆగకుండా, "ఈలోగా ఒక లిస్టు రాసిపెట్టండి. డబ్బా మీద పేరు ఒకవైపు, కొత్త పుస్తకంలో పేరు ఒకవైపు. సిస్టమ్‌లో ఎక్కించాలి" అన్నాడు.

ఆ రోజే గిన్నెలు తోమే పర్వతాలు జాలీకి మొహం ఆనించి సలహా ఇచ్చాడు. "ఇయ్యకక్కా. దిమాక్‌ల పెట్టుకో. లిస్టు ఇచ్చినంక నిన్నెవరు పిలుస్తరు?"

"అడిగినంక ఇయ్యకపోతే ఎట్లరా?"

"ఇయ్యి. జెర తక్కువ ఇయ్యి."

ఆ 'జెర' ఆమెకు నచ్చింది. నూట నలభై రెండు గళ్ళ లిస్టు గుండ్రటి అక్షరాలతో రాసింది. మధ్య మధ్య పదకొండు గళ్ళు ఖాళీగా వదిలింది. ఎప్పుడోగాని అవసరం రానివి, ఆమె తప్ప ఇంకెవరూ తీసివ్వలేనివి. తాను వెళ్ళిన నెలలోపు ఎక్కడో ఒకచోట పని ఆగుతుంది, పిలుస్తారు. ఖాళీగా వదలడం అబద్ధం చెప్పడం కాదుగదా అని మొన్న ఆదివారం చర్చిలో దేవుడికి వివరించింది కూడా. ఆయన ఏమీ అనలేదు. ఆమె దాన్ని అంగీకారం కిందే జమకట్టుకుంది.

పదయింది. వేణుమాధవ్ వచ్చి స్వయంగా రేకు కిందికి దించాడు. స్టోరు గది ఒక్కసారి చీకటిగా, లవంగాల వాసనగా మిగిలింది.

మొదటి గంట మిషను బుద్ధిగా పనిచేసింది. 'ప్లెయిన్ ఫ్లోర్, 250.' 'స్ప్రింగ్ ఆనియన్, 1 కట్ట.' దేవకృప ట్రేలు నింపి తోసింది. ఎవరు దేనికోసం తీసుకుంటున్నారో తెలియలేదు. మైదా రొట్టెకు వేరు, సాసుకు వేరు. కాగితం ఆ సంగతి చెప్పదు.

పదకొండున్నరకు పంచదార మాడిన వాసన వచ్చింది. జాలీలోంచి చూసింది. ఏడో బల్ల దగ్గర వసుధ. ఏ.ఎస్. రావు నగర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చే పిల్ల. చీటీ ఇచ్చేటప్పుడు కూడా తప్పు చేసినట్టు ఇస్తుంది. మూకుడులో పంచదార నల్లగా పొంగుతోంది. ఆ పిల్ల గరిటె పట్టుకుని మూసి ఉన్న కిటికీ వంక ఒకసారి చూసింది. వచ్చి తట్టలేదు. మళ్ళీ మూకుడులోకి చూసుకుంది. నాలుగు బల్లల అవతల ఓడల కంపెనీ నుంచి వచ్చిన పరీక్షకుడు నోటు పుస్తకంలో ఏదో రాస్తున్నాడు.

పర్వతాలు గిన్నెల టబ్బుతో జాలీ దగ్గరికి వచ్చాడు.

"అక్కా, గా పిల్ల చక్కెర మాడగొడుతున్నది. ఏదో మొలాసెస్‌కు బదులంట. గది లేదంటున్నది మిషిను."

"ఉంది."

"ఉన్నదని నాకెర్కనే. మిషినుకెట్ల ఎర్క?" గొంతు తగ్గించాడు. "ఉండనీ అక్కా. గిసుంటి మోక మల్ల రాదు. ఒక పరీక్ష ఖరాబైతే సారుకు సమజైతది నీతోని ఎంత పనున్నదో."

మొలాసెస్ ఆ పదకొండులో ఒకటి. సీసా మీద పేరు ట్రీకిల్. ఆ పేరుతో నల్లటి చిక్కటి పాకం డబ్బాలు ఒకప్పుడు బొంబాయి నుంచి వచ్చేవి. ఇరవై ఏళ్ళ కిందట రావడం మానేశాయి. అప్పటినుంచి దేవకృపే తాటిబెల్లం తెచ్చి, కరిగించి, వడకట్టి, సన్నసెగ మీద కాచి, చివర నాలుగు చుక్కల నిమ్మరసం పిండి ఆ సీసా నింపుతోంది. రెండు దేశాల పేర్ల మధ్య ఉన్నది తాటిబెల్లమని కాలేజీలో పర్వతాలుకు తప్ప ఎవరికీ తెలియదు. వాడికైనా గిన్నె తోముతాడు గనుక తెలుసు.

ఆమె పెట్టె మీద కూర్చుంది. ఇంకొక్క సంవత్సరం ఆమెకు చాలా దగ్గరగా, చెయ్యి చాస్తే అందేటట్టు కనిపించింది. చెయ్యాల్సిందల్లా ఊరికే కూర్చోవడం. బయట వసుధ మూకుడు దింపి కొళాయి కింద పెట్టింది. సుయ్‌మని ఆవిరి లేచింది. ఆ పిల్ల మోచేత్తో కళ్ళు తుడుచుకుని మరో మూకుడు తీసింది.

"నీ మోకలో మన్ను పొయ్య" అని లేచింది దేవకృప. పర్వతాలునా, తననా అన్నది వాడికీ తెలియలేదు.

రేకు పెద్ద చప్పుడుతో పైకి లేచింది. పద్దెనిమిది బల్లల దగ్గరా తలలు తిరిగాయి.

"వసుధా! ఏం చేస్తున్నవమ్మా?"

"జింజర్‌బ్రెడ్ ఆంటీ..." ఆ పిల్ల బల్ల మీది ట్యాబ్లెట్ చూపించింది. "మొలాసెస్ లేదంటుంది."

"ఎవరన్నరు లేదని? ఇటు రా." సీసా కిటికీ మీద పెట్టింది. "మూడు చెంచాలు తగ్గించి వెయ్యి. మనది తీపెక్కువ. ఏడిస్తే పిండి జారైతది, ఏడవకు."

వేణుమాధవ్ గబగబా వచ్చాడు. "మేడమ్, అది సిస్టమ్‌లో లేదు కదా?"

"లేదు సార్. నేనే రాయలే."

"మర్చిపోయారా?"

"లేదు సార్. మొత్తం పదకొండు. యాదుండే వదిలేసిన." ఆమె కిటికీ అంచు మీది పిండి వేలితో తుడిచింది. "అన్నీ రాసిస్తే నాతోని మీకు పనుండదు కదా."

కోపం రావలసిన చోట వేణుమాధవ్‌కు కోపం రాలేదు. నేల వంక చూశాడు. "పరీక్ష కానివ్వండి" అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవకుండానే ఆమె కాగితం ముందేసుకుంది. పది గళ్ళు పది నిమిషాల్లో నిండాయి. పదకొండోది నిండలేదు. తాటిబెల్లం ఎంత, నీళ్ళెంత, తీగపాకం ఎప్పుడు, నిమ్మరసం ఎప్పుడు, ఎండాకాలంలో అయితే ఎట్లా అని రాస్తూ పోతే గడి దాటింది, అంచు దాటింది, కాగితం వెనక్కి తిరిగింది. అన్నీ అయ్యాక అడుగున ఇంకొకటి రాసింది: 'సరుకు ఇచ్చుటకు ముందు దేనికో అడుగవలెను.'

వేణుమాధవ్ అంతా చదివాడు. "ఈ చివరి లైను సిస్టమ్ తీసుకోదు మేడమ్" అన్నాడు.

"మీరు తీసుకోండి సార్."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తరువాత చెప్పాడు. "మీ అర్జీకి పోయిన శుక్రవారమే జవాబొచ్చింది. పై వాళ్ళు కుదరదన్నారు. ఆఖరి రోజు దాకా బాధపెట్టడం ఎందుకులే అని నేనే చెప్పలేదు."

"శుక్రవారమా?"

"అవును."

అంటే ఆదివారం ఆమె దేవుడికి అన్ని విధాల నచ్చజెప్పుకుంటున్నప్పటికే సంగతి తేలిపోయింది. ఆయన పలకకపోవడానికి కారణం అదన్నమాట. దేవకృపకు నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. ముడిలో పెన్సిలు ఊగేటంతగా నవ్వింది. వేణుమాధవ్ కంగారుపడి మంచినీళ్ళు తెప్పించాడు.

"అయిదింటికి అందరం కలుస్తున్నాం. శాలువా, ఫోటో..."

"అయిదింటికి బస్సులో నిలబడే చోటు సుత ఉండదు సార్. శాలువా పర్వతాలుకియ్యండి. చలికాలం దగ్గుతడు."

నాలుగున్నరకు తాళంచెవి పర్వతాలు చేతిలో పెట్టింది. వాడు పుచ్చుకోవడానికి తడిచేతులు లుంగీకి చాలాసేపు తుడుచుకున్నాడు.

"రేపు ఏం జేస్తవక్కా?"

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. చెప్పులో కాలు పెట్టబోయి ఆగింది.

"వంకాయ కూర" అంది కాస్త ఆలోచించి. వెనక గేటు తీసుకుని, చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టి, రోడ్డు దాటి మలుపు తిరిగింది.

అయిదుకు పది నిమిషాలున్నప్పుడు వసుధ వచ్చింది. జింజర్‌బ్రెడ్‌ను పరీక్షకుడు రెండోసారి అడిగి తిన్నాడని చెప్పడానికి వచ్చింది. రేకు దించి ఉంది. ఈసారి తట్టింది. రెండుసార్లు తట్టింది.

"పోయింది బిడ్డా" అన్నాడు పర్వతాలు, టబ్బు దగ్గరనుంచి తల ఎత్తకుండా.

వసుధ పట్టుకొచ్చినది అక్కడే దించి, బస్సు వేళైందని పరిగెత్తింది. మూసిన కిటికీ అంచు మీద, గిన్నె బోర్లించిన పింగాణీ పళ్ళెమొకటి, పక్కన ఒక చెంచాతో, ఇంకా కాస్త వెచ్చగానే ఉంది.