మూడు వేళ్ళ మడత

జిరాఫీ ఫొటో పంపి నన్ను నమ్మించాలనుకుంది మా అమ్మాయి అమ్రీన్. దేశం కాని దేశంలో, ఈ వెర్రిబీ ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నదాన్ని. మా షాపు నుంచి కారులో పది నిమిషాలు వెళ్తే జూలో కావలసినన్ని జిరాఫీలు. గడ్డీ అదే, ఎండా అదే. జాంబియా అనగానే నమ్మేయాలా?

రంజాన్ అయ్యాక హారిస్‌ని పెళ్ళి చేసుకుంటానంది. ముందు యూనివర్సిటీ చదువు పూర్తి చెయ్యమన్నాను. సరేనంది. గొడవ లేదు, అలక లేదు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. నెల తిరక్కుండా, జాంబియాలో ఏదో అభయారణ్యం పక్క పల్లెల్లో ఆరు వారాలు వాలంటీరుగా పనిచేస్తానని బ్యాగు సర్దింది. బడిపిల్లలకు యూనిఫాంలు కుట్టాలట. నా షాపులో ఒక్క గుండీ కుట్టమంటే బోరింగ్ అమ్మీ అని పారిపోయే పిల్ల!

హారిస్ వాళ్ళది మా నరసరావుపేటే. ఇప్పుడు అడిలైడ్‌లో, మాసన్ లేక్స్‌లో ఉంటున్నారు. అమ్రీన్‌ని మా ఆయన ఎయిర్‌పోర్టులో దింపి వచ్చాడు. లోపలికెళ్ళి జాంబియా విమానం ఎక్కిందో అడిలైడ్ విమానం ఎక్కిందో ఎవరు చూశారు?

ఫోన్ చేస్తే సిగ్నల్ లేదంటుంది. ఫొటోల్లో జీబ్రా ఉంటుంది, జిరాఫీ ఉంటుంది, ఈ పిల్ల ఉండదు. ఇది అబద్ధమైతే ఇంక దాని ఏ మాట నమ్మను? నాకున్నది ఒక్కతే కూతురు. మూడో వారానికి నాకు అన్నం సయించడం మానేసింది. మా ఆయన వద్దంటున్నా, శనివారం సాయంత్రం హారిస్ వాళ్ళమ్మకు ఫోన్ చేసి, అమ్రీన్ అక్కడుందా అని అడిగేశాను.

ఆవిడ, "పెళ్ళిగాని పిల్లని ఇంట్లో దాచుకునే మనుషుల్లా కనపడుతున్నామా కనీజూ?" అని ఫోన్ పెట్టేసింది.

అదీ నేను నమ్మలేదు.

అరగంటలో అమ్రీన్ ఫొటో పంపింది. బడి ముందు వరసగా ఆడపిల్లలు, నీలం స్కర్టులు, మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని తను. ఇలాంటివి ఎక్కడైనా తీయొచ్చు అనుకుంటుండగానే మెసేజ్ వచ్చింది. "హారిస్ చెప్పాడు అమ్మీ. నన్ను చూడకు. జూమ్ చేసి ఆ స్కర్టుల అంచులు చూడు."

చూశాను. ఒక పిల్ల తన స్కర్టు అంచు తిప్పి పట్టుకుంది. లోపల మూడు వేళ్ళ మడత, తెల్లదారంతో వదులుగా టాకా కుట్లు. పిల్ల ఎదిగినప్పుడు ఆ దారం లాగేసి అంచు దించుకోవచ్చు. మా అమ్మ నా లంగాలకు అలాగే వేసేది, నేను అమ్రీన్ స్కూలు స్కర్టులకు వేశాను. దించిన చోట పాత మడత గీత కనిపిస్తోందని, క్లాసులో అందరూ నవ్వుతున్నారని ఇది ఎన్నిసార్లు ఏడ్చిందో. నా పక్కన నిలబడి ఆ టాకాలు నేర్చుకుందని నాకు తెలియనే తెలియదు.

సిగ్గుతో చచ్చిపోయాను. క్షమించమని టైపు చేసి చెరిపేశాను. చివరికి నాకు చేతనైనదే రాశాను. "నాలుగు వేళ్ళు వదులమ్మా. ఆడపిల్లలు తొందరగా ఎదుగుతారు."

జవాబొచ్చింది.

"ఆ సంగతి నీకు తెలుసా అమ్మీ?"