కామా తర్వాత ‘విచ్’

కామా ఉంటే తప్పు పిన్నిది, తీసేస్తే తలుపుది. ఇంత చిన్న గీత మీద ఒక మనిషి ఉద్యోగం వేలాడుతుందని నాకు వ్యాకరణం నేర్పినవాళ్లెవరూ చెప్పలేదు.

కంప్యూటర్ తెర మీద నా ఇంగ్లీషు వాక్యం ఉంది. సహాయకురాలు చల్లగది తలుపు పూర్తిగా వేయలేదు, ఆపైన కామా, ‘విచ్’ (which), ఆ తర్వాత చలి బయటికి పోయి నూట నలభై పెట్టెల పూలు వాడిపోయిన సంగతి. కామా తర్వాత వచ్చే ‘విచ్’ మన ‘దాంతో’ లాంటిది. ముందు జరిగినదాన్నంతా గుప్పిట పట్టి కారణంగా నిలబెడుతుంది. కామా లేకపోతే పక్కనున్న తలుపునే పట్టుకుంటుంది: చలిని వదిలేసిన తలుపు. మూడింటికల్లా పై ఆఫీసుకు నివేదిక వెళ్లాలి. మేమంతా పిన్ని అని పిలిచేది ఆ సహాయకురాలినే; తప్పు ఆవిడదని తేలితే రేపటి నుంచి పనిలోకి రానక్కర్లేదు.

ఈ పూల గోదాములో ఉత్తరాలన్నీ రాసేది నేనే. ఒక్కో వాక్యం దగ్గర గంటసేపు కూర్చుంటానని నాకు ‘కామా’ అని పేరు పెట్టారు. అందరూ వెనకాల అంటారు, పిన్ని మొహం మీదే అంటుంది. పూల బళ్లు తోసి, తలుపు వేసి, గడ్డకట్టిన చేతులు చంకల్లో దాచుకుని నా బల్ల దగ్గరికి వస్తుంది. రోజు మొత్తంలో నాతో పనికిరాని కబుర్లు చెప్పేది ఆవిడొక్కతే.

ఇవాళా వచ్చింది. కూర్చోలేదు.

"ఏం బాబూ కామా, రాయడం అయిందా?"

"ఇంకా లేదు పిన్నీ."

"నీ రాత తెమిలేసరికి నా మనవరాలికి పెళ్లీడొస్తుంది." నవ్వబోయి ఆగింది. "తలుపు రబ్బరు సంగతి రాశావుగా? అంచు అరిగిపోయింది, ఎంత నెట్టినా తలుపు అతుక్కోవట్లేదని మూడు వారాల కిందటే చెప్పాను. నువ్వు ఉత్తరం కూడా పెట్టావు."

"ఊఁ."

"మరింకేం! పట్టించుకోనిది వాళ్లే. నువ్వున్నావుగా, నాకేం భయం."

వెళ్లిపోయింది. గది ఉన్నట్టుండి పెద్దదైపోయింది.

నేను ఉత్తరం పెట్టలేదు. రాశాను, అంతే. అది ఇంకా చిత్తుప్రతుల్లోనే ఉంది. అందులోనూ ఒక ‘విచ్’ కుదరక మొదటి రోజు ఆపాను. మర్నాడు ఆవిడ "వెళ్లిందా?" అని అడిగింది. సిగ్గేసి వెళ్లిందన్నాను. అప్పటి నుంచి రోజూ "జవాబొచ్చిందా?" అంటూ రావడం, రాలేదంటే కుర్చీ లాక్కుని మోకాళ్ల నొప్పులూ, అల్లుడి గురకా ఏకరువు పెట్టడం. నాలుగో రోజుకి వాక్యం కుదిరింది. అయినా పంపలేదు. రబ్బరు వచ్చేస్తే ఆవిడకి నా దగ్గరికొచ్చే పనేముంటుంది? ఇంటికి వెళ్తే నన్ను పలకరించేది తాళం చప్పుడొక్కటే.

ఇదంతా అప్పుడు ఇంత స్పష్టంగా అనుకోలేదు. మనసు కారణాన్ని ఎప్పుడూ పక్కనున్న దానికి అంటగడుతుంది. వాక్యం కుదరలేదు, పని ఒత్తిడి, రేపు చూద్దాం. ఇప్పుడూ కామా తీసెయ్యమంటోంది, తలుపుకి నోరు లేదుగా అంటోంది. కానీ తలుపు పాడైతే ఎందుకు చెప్పలేదని పై ఆఫీసు మళ్లీ ఆవిడనే నిలదీస్తుంది.

రెండు నలభై.

వాక్యం మొత్తం చెరిపేశాను. రబ్బరు అరిగిందని సహాయకురాలు నాకు చెప్పింది అని రాశాను. నేను ఆ సంగతి మీకు తెలియజేయలేదు అని రాశాను. కామా పెట్టాను. ‘విచ్’ అని రాసి, పూల దాకా ఆగకుండా వెళ్లాను. మూడు వారాల నాటి చిత్తుప్రతిని దాని తేదీతో సహా జతచేశాను.

ఆవిడకి ఈ సంగతి సాయంత్రంలోగా తెలిసిపోతుంది. రేపు ఆ కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఒకవేళ నేనే ఉండనేమో.

వాక్యాన్ని రెండోసారి చదవకుండా ‘పంపు’ నొక్కాను.