ఇంకో పది

మాస్టారి జిమ్‌లో ఒక ఆనవాయితీ ఉండేది. పొద్దున్నే ఆయన ఉత్త ఇనుప కడ్డీని తలపైకి ఎత్తి దించాకే మిగతావాళ్లు బరువులు ముట్టుకోవాలి. నొప్పి అన్నవాడికి ఆయన దగ్గర ఒకటే మందు: "ఇంకో పది!" ఒకసారి ఆ జిమ్‌కొచ్చే దర్జీ ఒకడు భుజం పట్టుకుని ఆగిపోతే, "నువ్వు సూదీదారం పట్టుకోవడానికే పనికొస్తావురా" అని అందర్నీ నవ్వించాడు. దర్జీ మళ్లీ రాలేదు.

కీళ్ల అరుగుదలకు గురువూ శిష్యుడూ తేడా తెలియదు. ఏళ్ల తర్వాత ఇద్దరికీ ఒకే ఆసుపత్రిలో, ఒకే వారంలో భుజం కీలు మార్చారు.

"కొత్త కీలుకేం కాదు," అంది డాక్టరమ్మ. "దాని ముందున్న కండని కోసి కుట్టాం. అది అతుక్కోడానికి పన్నెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఆ చేత్తో ఎత్తొద్దు, లాగొద్దు, కుర్చీలోంచి ఆనుకుని లేవొద్దు."

ఆసుపత్రిలో నేర్పినట్టే దర్జీ బుద్ధిగా వంగి, చేతిని వేలాడేసి మెల్లగా ఊపుకునేవాడు. "గంట కొడుతున్నావా ఏంటి?" అని నవ్వేవాడు మాస్టారు.

ఆరో వారంలో ఆయన తలుపు గొళ్లేనికి గట్టి రబ్బరు పట్టీ కట్టి లాగడం మొదలుపెట్టాడు. భార్య నెత్తీనోరూ కొట్టుకుంది.

"ఏవండీ, ఆవిడ వద్దందిగా!"

"అన్నాళ్లు కడ్డీ ఎత్తకపోతే నన్నెవడే మాస్టారనేది?"

ఆయన భయమంతా అదే. మూడో రోజు భుజంలో ఏదో పట్‌మంది. ప్రాణం పోయేంత నొప్పి. అలవాటు కొద్దీ ఇంకో పది లాగాడు.

మళ్లీ కోశారు, మళ్లీ కుట్టారు. ఈసారి డాక్టరమ్మ తిట్టనైనా తిట్టలేదు. "ఇక తలపైకి లేవదండీ," అంది అంతే. జిమ్‌లో ఇప్పుడు ఎవరికి వీలైనప్పుడు వాళ్లు మొదలుపెడుతున్నారు. కడ్డీ కోసం ఎవడూ ఆగడం లేదు.

చొక్కాలో చెయ్యి దూరక, భుజం మీద గుండీలుండే చొక్కా కుట్టించుకోడానికి మాస్టారు చివరికి దర్జీ కొట్టుకే వెళ్లాల్సి వచ్చింది. దర్జీ ఆ ఆపరేషనైన చేత్తోనే పై అరలోంచి గుడ్డ తీశాడు. మాస్టారికి కడుపు మండిపోయింది. దర్జీ మీద కాదు, తన మీద.

"చంక కింద కొలవాలి. చెయ్యి కొంచెం ఎత్తండి మాస్టారూ."

పళ్లు బిగించాడు. నుదుట చెమట పట్టిందే గానీ, మోచెయ్యి జానెడు కూడా కదల్లేదు.

దర్జీ టేపు దించేశాడు. గొంతులో ఎగతాళి లేదు.

"నొప్పెడితే ఆపేయండి మాస్టారూ. పాత చొక్కా చూసి కొలుచుకుంటాలెండి."