మిగిలిన మందుల పిలుపు

అత్తగారు సత్యనారాయణమ్మ పోయి నెల తిరిగింది. వంటింటి అలమరలో ఆవిడ మందుల డబ్బా మాత్రం రోజూ ఆరింటికల్లా "అమ్మా... అమ్మా..." అని మొదలుపెడుతూనే ఉంది.

హేమ పొయ్యి మీద పాలు పెడుతూ దాని వంక చూడనైనా చూడలేదు. వాడకం ఆగిపోయిన మందులంతే. ఎవరు కొన్నారో వాళ్ళ గొంతుతో, ఎవరి కోసం కొన్నారో వాళ్ళని పిలుస్తాయి. ఆవిడ బీపీ బిళ్ళలు కొన్నది కొడుకు గోపీకృష్ణ కాబట్టి గొంతు అతనిది. రాజోలు చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా ఇది మామూలే. నిరుడు ఎవరో మిగిలిన బిళ్ళలు కాలువలో పారేస్తే, అవి కొట్టుకుపోయి సఖినేటిపల్లి రేవులో గోదారి దాటడానికి పంటు ఎక్కేవాళ్ళందర్నీ వారం రోజులు "బావా" అని పిలిచాయి. చేపలూ చచ్చి తేలాయి. అప్పట్నుంచి ఆరోగ్య కేంద్రంలో ఎర్ర పెట్టె పెట్టారు. శుక్రవారం నాడు తెచ్చి అందులో వేస్తే, కాల్చే చోటికి పంపిస్తారు.

ఊరు ఆశ్చర్యపోయింది మందులకి కాదు, సత్యనారాయణమ్మకి. హేమకి అంగన్‌వాడీ టీచరుగా ఉద్యోగం వచ్చిన నెల నుంచీ, మూడేళ్ళపాటు, రోజూ పొద్దున్నే తన చేత్తో కాఫీ కలిపి ఇచ్చింది. కోడలికి కాఫీ ఇచ్చే అత్తగారిని చూడ్డానికి పక్కూరి నుంచి కూడా వచ్చారు.

ఆ కాఫీ తాగి వెళ్ళిన హేమ పిల్లలకి పాట చెబుతూ చెబుతూ గోడకి జారబడి నిద్రపోయేది. ఓసారి ఇద్దరు పిల్లలు గేటు దాటి కాలువ గట్టు దాకా వెళ్ళిపోయారు. రెండు మెమోలు వచ్చాయి. ఇవాళ పదకొండింటికి సూపర్‌వైజరు అన్నపూర్ణ విచారణకి వస్తోంది. ఈసారి మెమో ఉండదు, ఉద్యోగం ఉండదు.

"సుఖం ఎక్కువై నిద్రపోతోంది" అనేది పక్కింటి అచ్చాయమ్మ. అత్త పోయాక హేమ అంగన్‌వాడీలో ఒక్కనాడూ కునుకు తియ్యకపోయేసరికి మాట మార్చింది. "ముసలావిడ పోగానే కళ్ళు ఎలా విచ్చుకున్నాయో చూసేరా!"

హేమకి ముందు కోపం వచ్చింది. తరవాత, నిజమే కదా అనిపించింది. నెల్లాళ్ళుగా నిద్ర ఏమైపోయినట్టు?

"ఆ డబ్బా ఇలా ఇయ్యి. కాలువలో పడేసొస్తాను" అన్నాడు గోపీకృష్ణ, చొక్కా తొడుక్కుంటూ.

"ఎర్ర పెట్టె ఉంది కదండీ. ఇవాళ శుక్రవారమే."

"ఆఫీసరొచ్చే రోజున నీకిదో పనా? అసలా ఉద్యోగమే మానెయ్యమని మూడేళ్ళ నుంచీ చెప్తున్నాను. వాళ్ళు తీసేసేలోపు మానేస్తే పరువన్నా దక్కుతుంది."

తాగిన గ్లాసు తీసి తొట్టిలో వెయ్యని మనిషి చెత్త పారేస్తానంటున్నాడు. హేమ డబ్బా సంచిలో వేసుకుని, వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయింది.

ఆరోగ్య కేంద్రంలో మందులిచ్చే జ్యోతిర్మయి అట్టలన్నీ ఒక్కొక్కటే చూసి పెట్టెలో వేసింది. పడ్డది పడ్డట్టు నోరు మూసుకుంది. చివరి "అమ్మా" ఆగిపోయాక, డబ్బా అడుగున పాత చీర ముక్కలో చుట్టిన చిన్న చుక్కల మందు సీసా ఒకటి మిగిలింది. జ్యోతిర్మయి గుడ్డ కొస కొంచెం తప్పించి చూసింది.

"లేబులు మీరు గీకేసేరా అండీ?"

"లేదండీ. ఈ సీసా నేనెప్పుడూ చూళ్ళేదు."

గుడ్డ పూర్తిగా విప్పారు.

"హేమా" అంది సీసా.

గోపీకృష్ణ గొంతే. మెత్తగా ఉంది. పెళ్ళయిన కొత్తలో తప్ప అతను ఆ పేరు అంత ముద్దుగా పిలవలేదు. ఇన్నాళ్ళూ "అమ్మా" అనే రొదలో ఇది వినబడలేదు. బెంచీ మీద సూది మందు కోసం కూచున్న ఆడవాళ్ళు ఇటు తిరిగారు.

జ్యోతిర్మయి సీసా అడుగున మిగిలిన అక్షరాలు వెలుతురుకి పెట్టి చదివింది. "నిద్ర మందండీ ఇది. నాలుగు చుక్కలు పడితే పూటంతా మగతే. మీరు వాడేరా?"

"ఆయ్, వాడేనండీ" అంది హేమ. "మూడేళ్ళు. కాఫీలో."

జ్యోతిర్మయి సీసాని పెట్టె దగ్గరికి తెచ్చింది. "పెట్టెలో వేసెయ్యమంటారా? నోరు మూస్తుంది."

"వద్దండీ. మూసింది చాలు."

"అయితే ఇదేం మందో కాగితం మీద రాసి డాక్టరుగారి చేత సంతకం పెట్టిస్తాను. పని అయ్యాక తెచ్చి ఇందులోనే వెయ్యండి. కాలువలో మాత్రం వద్దు."

హేమ వెళ్ళేసరికి అంగన్‌వాడీలో అన్నపూర్ణ పక్కన గోపీకృష్ణ కుర్చీ వేసుక్కూచున్నాడు.

"మా ఆవిడకి ఒంట్లో బాగుండదండీ. మానేస్తుందండీ. రాజీనామా కాగితం నేనే రాసి తెచ్చేను, సంతకం పెట్టేస్తే..."

"ఆవిణ్ణి చెప్పనివ్వండి" అంది అన్నపూర్ణ. "ఏమ్మా, డ్యూటీలో నిద్రపోయేవా, లేదా?"

హేమ సీసాని బల్ల మీద, పిల్లల పలకల పక్కన పెట్టింది. డాక్టరు సంతకం ఉన్న కాగితం దాని కింద పెట్టింది. "నిద్రపోయేనండీ, రోజూ అత్తగారిచ్చిన కాఫీలో ఇది తాగి" అంది.

"హేమా" అంది సీసా.

అన్నపూర్ణ ఉలిక్కిపడి గోపీకృష్ణ నోటి వంక చూసింది. మూసే ఉంది. కాగితం చదివింది. మళ్ళీ అతని వంక చూసింది, ఈసారి చాలాసేపు. అతను సీసా కోసం చెయ్యి చాపితే దాన్ని తన వైపు లాక్కుంది. రాజీనామా కాగితాన్ని తిరగేసి, తెల్లగా ఉన్న వైపు హేమ ముందుకి జరిపి, కలం ఇచ్చింది.

"మొదటి కాఫీ దగ్గర్నుంచి రాయి."

"హేమా" అంది సీసా మళ్ళీ.

"ఆయ్" అంది హేమ, కలం మూత తీస్తూ. "మెలకువగానే ఉన్నాను."