చేపల లెక్కకు వెళ్ళిన పూట

హారతికి రెండున్నరేళ్ళు దాటినా నోట మాట రాలేదు. సూరత్‌లో వాళ్ళ అద్దె గది సాంచెల కార్ఖానా మీదే ఉంది. కింద మరమగ్గాలు ఆడుతుంటే పైన గూట్లో గిన్నెలు కూడా వణికేవి. ఆ మోతలో పుట్టిన పిల్లలకు మాట ఆలస్యమేనని వాడకట్టంతా అనేది. అయినా తల్లి రుచిత మనసు కుదుటపడలేదు. దవాఖానకు తీసుకుపోదామంటే కరోనా భయం.

"నీ మొగుడు మూడేండ్లు నిండినంకనే నోరు తెరిచిండు. ఇప్పుడు మూయమంటే మూస్తుండా?" అని అత్త బాలవ్వ తీసిపారేసేది.

లాక్‌డౌన్ ఎత్తేశాక కూడా కార్ఖానాలో సగం సాంచెలే నడిచాయి. రుచిత మొగుడు మహేశ్‌కు పని లేకుండా పోయింది. అప్పుడు దొరికింది పద్మిని మేడం పని. కాకినాడ వైపు మనిషి, చేపల మీద పెద్ద చదువు చదివింది. కాజ్‌వే కట్టకు ఎగువన నిలిచిన తాపీ నది నీళ్ళలో ఎంత చేప ఉందో కొలవడానికి పడవ మీద తిరుగుతుంది. ఆమె దగ్గర పనిచేసే అబ్బాయి జ్వరంతో మంచం పట్టాడు. పడవ పక్కన నీళ్ళలోకి దించిన గొట్టం పట్టుకోవడానికి మహేశ్‌ను, మిషను వైరు చిక్కుపడకుండా చూసుకోవడానికి రుచితను రమ్మంది.

పిల్లను చూసుకోవడానికి బాలవ్వ కూడా వెంట వచ్చింది. ఒడ్డున పద్మిని వంగి హారతి బుగ్గ ముట్టుకోబోయింది. పిల్ల ఆమె మాస్కు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

"ఏయ్! ఏమనుకోకుండ్రి మేడం. ఎవ్వల మూతికి గుడ్డ కనబడ్డా గిట్లనే గుంజుతది. బూచోడనుకుంటదో ఏమో" అంది రుచిత.

పద్మిని నవ్వి రెండడుగులు వెనక్కి జరిగింది. "నా మొహం చూడాలని ఉందేమోలే."

బాలవ్వ పడవలోకి తొంగి చూసింది. "గీ డబ్బాతోని చేపలు వడ్తరా బిడ్డా?"

"పట్టం పెద్దమ్మా, లెక్క తెలుసుకుంటాం. నీళ్ళలోకి చప్పుడు పంపిస్తాం. అది చేప కడుపులో ఉండే గాలితిత్తికి తగిలి తిరిగొస్తుంది. తిరిగొచ్చిందాన్ని బట్టి ఎంత చేప ఉందో అంచనా వేస్తాం."

"చేపలను పేరు పెట్టి పిలుస్తరన్నట్టు. పలికినోళ్ళకు హాజరు!" అని బాలవ్వ పకపకా నవ్వి, మనుమరాలిని ఒళ్ళో పెట్టుకుని ఒడ్డునే కూర్చుంది.

పడవ నడిపే ధనసుఖ్‌భాయ్ ఒడ్డుకు కొద్ది దూరం తీసుకుపోయి ఇంజను ఆపేశాడు. ఇంజను మోత ఉంటే మిషను తెర మీద అంతా చెత్తే కనిపిస్తుందని పద్మిని చెప్పింది. అంత నిశ్శబ్దం రుచిత ఎన్నడూ ఎరగదు. చెవుల్లో దూది పెట్టినట్టయింది.

"చప్పుడు పంపుతున్నరా మేడం? ఏం ఇనబడ్తలేదు."

"మన చెవికి అందదు రుచితా. అదిగో, తెర చూడు."

నల్లటి తెర మీద చిన్న చిన్న వంపులు. ఒక్కో వంపూ ఒక్కో చేప అట. అడుగున దట్టంగా మబ్బులా కనిపించేది మంద అట. అది ఏ జాతో మాత్రం మిషను చెప్పదు, తర్వాత వల వేసి చూసుకోవాలి.

"పులుసుకు చింతపండు ఎంత వట్టాల్నో గూడ చెప్తదా మేడం?" అన్నాడు మహేశ్. అందరూ నవ్వారు. రుచిత కూడా నవ్వుతూనే అలవాటుగా ఒడ్డువైపు చూసింది.

బాలవ్వ సంచికి ఆనుకుని కునుకు తీస్తోంది. హారతి నీళ్ళలో ఉంది. తేలుతున్న బంతిపువ్వుల వెంట నడుస్తోంది. మోకాళ్ళు మునిగాయి.

"హారతీ!"

పడవకూ ఒడ్డుకూ మధ్య కేకేస్తే అందే దూరమే. అవతలి ఒడ్డున బట్టలు ఉతుకుతున్న మనిషి సైతం ఆ కేకకు తలెత్తి చూశాడు. హారతి చూడలేదు.

"హారతీ! ఆగు బిడ్డా!" మహేశ్ గొంతు చించుకున్నాడు. ధనసుఖ్‌భాయ్ రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు. "ఊభీ రే బేబీ, ఊభీ రే!" అని గుజరాతీలో ఆగమని అరిచాడు. ఆ ఈలకు పిల్ల పక్కనున్న కొంగ బెదిరి లేచిపోయింది. హారతి కొంగ ఎగిరిన దిక్కు చూసి, మళ్ళీ పువ్వు వైపు అడుగేసింది. నీళ్ళు ఛాతీదాకా వచ్చాయి.

ఇంజను తాడు లాగితే అందుకోలేదు. ధనసుఖ్‌భాయ్ దూకేశాడు. పిల్ల గడ్డం మునిగేవేళకు జబ్బ పట్టుకుని పైకెత్తాడు. అతని భుజం మీదనుంచి తండ్రిని చూసి హారతి కిలకిలా నవ్వింది.

మహేశ్ తెడ్డు వేసి పడవను ఒడ్డుకు చేర్చేలోపే రుచిత నీళ్ళలోకి దిగి పరుగెత్తింది. పిల్లను గుంజుకుని వీపు మీద ఒక్కటేసి, గుండెకు అదుముకుంది. "గంత మొత్తుకుంటుంటే ఎనుకకు మర్లి చూడవేందే!" బాలవ్వ నెత్తి కొట్టుకుంటూ, తన కన్ను అంటుకున్నందుకు తనను తానే తిట్టుకుంటోంది.

పద్మిని పిల్ల ముఖంలోకి చూస్తూ అడిగింది. "రుచితా, ఇంట్లో పిలిస్తే తిరుగుతుందా పాప?"

"ఎందుకు తిరుగది మేడం? ఉరికొస్తది."

"ఎలా పిలుస్తావు?"

"ఎట్లంటే..." రుచిత కాలెత్తింది, నేల మీద కొట్టి చూపడానికి. ఎత్తిన కాలు అలాగే ఉండిపోయింది.

కింద సాంచెల మోతలో ఎవరి గొంతు ఎవరికి అందుతుంది? పోగు తెగితే ఒక సైగ, కండె అయిపోతే ఒక సైగ, తిండికి రమ్మంటే ఒకటి. పిల్లను పిలవాలంటే పైగదిలో చెక్కల మీద కాలితో దబదబా కొట్టడమే. ఆ అదురుకు తిరుగుతుంది పిల్ల. అత్త అలాగే పిలుస్తుంది, మహేశ్ అలాగే, తనూ అలాగే. పేరు పెట్టి పిలిచి, తిరుగుతుందా లేదా అని ఎవరూ ఏనాడూ చూడలేదు.

పద్మిని టిఫిన్ డబ్బా మూత తీసి, హారతి వెనక నిలబడి ఇంకో మూతతో ఫెడీమని కొట్టింది. సగం చెవుడు వచ్చిన బాలవ్వే ఉలిక్కిపడింది. హారతి తడిసిన పువ్వు రేకులు తుంచుకుంటూనే ఉంది. పద్మిని ఇంకోసారి కొట్టింది. రుచిత ఆమె చేతుల్లోంచి మూతలు లాక్కుని తనే కొట్టింది, పిల్ల మెడ మీది వెంట్రుకలు చూస్తూ. అవి కూడా కదలలేదు.

పడవ కట్టేస్తున్న మహేశ్ కార్ఖానా అలవాటు కొద్దీ చెయ్యి తిప్పి ఏమైందని అడిగాడు. జవాబివ్వబోయి రుచిత చెయ్యి లేపింది. దీనికి వాళ్ళ దగ్గర సైగ లేదు.

"పిల్లకు ఇనబడ్తలేదయ్యా!"

నది మీద అందరికీ వినబడింది. తల్లి చేతి నీడ తన ముందు కదలడంతో హారతి తల తిప్పి, ఆమె నోటివంకే తేరిపార చూసి, తనూ అలాగే నోరు తెరిచి మూసింది, చప్పుడు లేకుండా.