అక్రోటు పెంకుల బొగ్గు

మామగారి తెల్ల ఉన్ని టోపీని బ్రష్షుతో దులుపుతున్నాను. "అంచు దగ్గర బాగా దులుపమ్మాయ్, రేపు కెమెరాలుంటాయి" అని లోపలి గదిలోంచి చెప్పారు. సైన్సు, సాంకేతిక, ఆవిష్కరణల శాఖ వాళ్లు రేపు బిష్కెక్‌లోని తమ కార్యాలయంలో సభ పెడుతున్నారు. ఒక్కొక్కరి పనీ విని, నచ్చినదానికి సొంత ప్రయోగశాల, పరికరాలు, సహాయకులను ఇస్తారు. మామగారు వాళ్లకు చెప్పబోయేది నా బొగ్గు సంగతి. నా బొగ్గు అని ఇంట్లో ఎవరూ అనరు. నేనూ పైకి ఎప్పుడూ అనలేదు.

మా అమ్మావాళ్లు జలాలాబాద్ అడవుల నుంచి బస్తాలతో అక్రోట్లు పంపేవాళ్లు. పప్పు ఇంటిల్లిపాదీ తినేవాళ్లు, పెంకులు ఏరి పారెయ్యడం నా వంతు. పారెయ్యకుండా కజాన్ అనే పాత ఇనుప బాణలిలో పోసి, మూత బిగించి కాల్చాను. ఆ బొగ్గుకు ఆవిరి పట్టించి, నూరి, గుడ్డసంచిలో కట్టి, పుట్టింటి నుంచి తెప్పించిన పత్తి చేల పక్క బావినీళ్లు అందులోంచి వడగట్టాను. నీళ్లలో పురుగుమందు వాసన పోయింది. అత్తగారు ముక్కు మూసుకుని, కాపురం చేసుకోమని తెచ్చుకుంటే కొలిమి పెట్టావా అన్నారు. మా ఆయన మిర్లాన్, నాన్న తన ల్యాబులోనే ఉద్యోగం ఇప్పించాడుగా, ఆ తగలబెట్టడమేదో అక్కడే తగలబెట్టు, ఇక్కడ టీ సంగతి చూడు అన్నాడు. ల్యాబులోనూ టీ సంగతి నేనే చూస్తాను. మామగారు అక్కడ కూడా కోడలా అనే పిలుస్తారు కాబట్టి పెద్దవాళ్లందరికీ నేను కోడలిని, కుర్రాళ్లకు వదినను.

కోపం వస్తుందా అని ఒకరిద్దరు స్నేహితురాళ్లు అడిగారు. వస్తే బాగుండేది. అతిథులకు టీ పోస్తూ మోకాళ్లమీద చాలాసేపు కూర్చుంటే కాలు తిమ్మిరెక్కి, గిల్లినా తెలియదు చూడండి, నాకు మనిషి మొత్తం అలాగే అయింది. పోయిన వారం భోజనాల దగ్గర మామగారు, శాఖ వాళ్లు మన పని తీసుకుంటే కొత్త ల్యాబు చిన్నవాడికి అప్పజెబుతానన్నారు. చిన్నవాడంటే మా మరిది. తర్వాత నావైపు తిరిగి ఎంతో ప్రేమగా, "నువ్వు చాలా శ్రమపడ్డావమ్మా. ఇక ఇంటిపట్టున ఉండి మీ అత్తయ్య మోకాళ్ల నొప్పులు చూసుకో" అన్నారు. బల్ల చుట్టూ అందరూ తలలూపారు. వాళ్లతోపాటు నా తల కూడా ఊగింది. దానికి అలవాటే. ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ, ఇక బొగ్గు మొహం చూడను కాబోలు అనుకున్నాను. అనుకుని, కడగాల్సిన కజాన్ అందుకున్నాను.

టోపీ దులిపి కొక్కేనికి తగిలించానో లేదో, మామగారు కళ్లు తిరిగి మంచంమీద కూలబడ్డారు. ముందురోజు ఎవరిదో పెళ్లి విందులో గొర్రెకొవ్వు వద్దన్నకొద్దీ తిన్నారు, రక్తపోటు ఆకాశాన్నంటింది. డాక్టరు మంచం దిగొద్దంది. రేపటి సభ ఎలా అని ఇల్లంతా తలపట్టుకుంటే ఆయనే, కోడలిని పంపండి, నా బదులు నాలుగు ముక్కలు చెప్పి వస్తుంది, చిన్నవాడికి బొగ్గుకూ బూడిదకూ తేడా తెలియదు అన్నారు. అందరూ నవ్వారు. చిన్నవాడు అందరికంటే ఎక్కువ నవ్వాడు.

సభలో మైకు అందించిన అమ్మాయి నన్ను ప్రొఫెసరుగారి కోడలుగా పరిచయం చేసింది. నేను మాట్లాడాను. పెంకును ఎంత వేడిలో కాల్చాలి, ఆవిరి ఎందుకు పట్టించాలి, బడిపిల్లల నీళ్లతొట్టికి సంచి ఎలా అమర్చాలి, అడిగినవన్నీ చెప్పాను. నా గొంతు నాకే దూరంగా, పక్కింటి రేడియోలా వినిపించింది. అధ్యక్ష స్థానంలో తలాస్ వైపు నుంచి వచ్చిన తెల్లగడ్డం పెద్దాయన ఉన్నారు. ఆయన తృప్తిగా తలాడించి ఆఖరి ప్రశ్నకు వచ్చారు. పని ఒకరిది, పేరు మరొకరిది అవుతోందని శాఖ వాళ్లు ఈ మధ్యే ఒక పద్ధతి పెట్టారు. పనికి పెద్ద ఎవరో, వచ్చినవాళ్లు నోటితో చెప్పాలి, అది రికార్డవుతుంది.

నోరు తెరిచాను. మాట రాలేదు.

మాలో కోడళ్లు అత్తింటి పెద్దవాళ్ల పేర్లు పలకరు. పెళ్లినాడు తలకు తెల్లగుడ్డ కడుతూ మా అమ్మ, నేను ఏయే పేర్లు నోట రానివ్వకూడదో వేళ్లు మడిచి చెప్పింది. మొదటి వేలు మామగారిది. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు కూడా ఆ పేరు అనలేదు. ఇక్కడా రాయడం లేదు. నన్ను పంపేటప్పుడు ఈ సంగతి ఆయనకు తట్టలేదు, నాకూ తట్టలేదు.

పెద్దాయన నావైపు కాసేపు చూసి, విషయం గ్రహించి మురిసిపోయారు. "మామగారు కదూ? మంచి ఇంటి కోడలివమ్మా, ఈ కాలంలో ఎవరు పాటిస్తున్నారు! నువ్వు పలకొద్దులే. పేరు నేను చదువుతా, నువ్వు తల ఊపితే చాలు."

సభంతా ఆప్యాయంగా నవ్వింది. ఆయన కళ్లజోడు సర్దుకుని, పేరు చదివి, నా తలకేసి చూశారు. అందరూ చూశారు. అంతకంటే తేలికైన పని నాకు ఇంకొకటి లేదు. ఒక్కసారి గడ్డం కిందికి దించితే ఇంటికి వెళ్లి రాత్రి వంట మొదలుపెట్టొచ్చు. నా తల ఊగలేదు. కోపం వల్ల కాదు, అప్పటికీ నాకు కోపం రాలేదు. అమ్మ మడిచిన వేళ్లను ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నాను. మామగారు, ఆయన అన్నలు, తమ్ముళ్లు, మా బావగారు, చివరికి మా మరిది కూడా వాటిలో ఉన్నారు. నేను మాత్రం ఏ వేలిలోనూ లేను.

"ఆయన కాదండీ" అన్నాను.

"మరెవరమ్మా?"

"జిపారా ఎసెన్‌కిజీ."

పెద్దాయన కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పారు. పక్కనున్నవాళ్లను అడిగారు. ఎవరికీ తెలియలేదు. చివరికి నన్నే అడిగారు. "ఎవరమ్మా ఆవిడ? ఇక్కడికి వచ్చిందా?"

"వచ్చిందండీ" అన్నాను. "మీ ఎదురుగానే ఉంది."