మూలన ఏడక్షరాలు

ల్యాప్‌టాప్ తెరవాలంటే ముందు కిటికీ గట్టు తుడవాలి. ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో పుట్టి పెరిగిన వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేని పని ఇది. ఇనుపరాయి నింపుకున్న గూడ్సు ఒక్కటి వెళ్తే చాలు, గట్టు మీదా, గ్లాసుల మీదా, ఆరేసిన దుప్పట్ల మీదా ఎర్రటి పొడి దిగుతుంది. హెప్సిబా తడిగుడ్డ పిండుకుంటూ తనలో తనే నవ్వుకుంది. తను గీసే కంప్యూటర్ చిప్పులు తయారయ్యే చోట ఒక్క దుమ్ము రేణువు పడితే సరుకు పనికిరాకుండా పోతుంది. అలాంటి చిప్పుల్ని ఈ ఊళ్లో కూర్చుని గీస్తోంది మహాతల్లి.

ఈ నెలాఖరుకి నాన్న గేట్‌మన్ ఉద్యోగం నుంచి రిటైరవుతున్నాడు. రైల్వే కాగితాల్లో సన్యాసిరావు, చర్చిలో స్టీఫెన్. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ముప్పయ్యేళ్ల సామాను అమ్మ ఒక్కత్తే కట్టలేదని, సెలవులకి కూతురు చాందినిని తీసుకుని వచ్చింది హెప్సిబా. ఆఫీసు పని ఇక్కణ్నుంచే. అత్తగారు గంగారత్నం బయల్దేరేటప్పుడు అననే అంది, "కూర్చుని చేసే పనే కదమ్మా, ఎక్కడ కూర్చుంటే ఏముంది" అని. ఆ కూర్చునే పనికి పదకొండేళ్లలో మెడ పట్టేసింది, కళ్లజోడు రెండుసార్లు మారింది. కూర్చుని లేచాక వంటింట్లో నిలబడే పని ఎప్పుడూ లెక్కలోకి రాలేదు.

ఆమె చేసేది లేఅవుట్. చిప్పులో ఏ తీగ ఎటు పోవాలో గీసే పని. అమ్మకి ఒకసారి యార్డులో పట్టాలు చూపించి చెప్పింది. రెండు తీగలు ఒకదానికొకటి తగిలితే ప్రమాదం, దాటాలంటే వంతెన ఎక్కి పైనుంచి పోవాలి, అలాంటివి కోట్లు. అమ్మ ఎర్రమ్మ పట్టాల వైపు చూస్తూ, "అయితే నువ్వూ నాలాగే కాపలా కాస్తన్నావు" అంది. హెప్సిబా పనిని ఇంత బాగా అర్థం చేసుకున్న మనిషి ఇంకొకరు దొరకలేదు.

వాళ్ల టీములో ఒక ఆచారం ఉంది. గీత మొత్తం పూర్తయి తయారీకి పంపేముందు, ఖాళీగా మిగిలిన మూలలో పనిచేసిన వాళ్లందరి పొడి అక్షరాలు చెక్కుతారు. వెంట్రుక మందం కూడా ఉండదు ఆ చోటు. చెక్కేది ఎప్పుడూ హెప్సిబాయే, నీ గీత శుభ్రంగా ఉంటుంది అంటారు. కేకు తెప్పించేదీ ఆమే, మిగిలిన కాగితం ప్లేట్లు ఏరేదీ ఆమే. మొదటి రెండు చిప్పుల్లో తన అక్షరాలున్నాయి. మూడోది తొమ్మిది నెలల కడుపుతో గీసింది. చాందిని పుట్టిన వారానికి అది తయారీకి వెళ్లింది. సెలవులో ఉన్నావు కదా అని ఆమె పేరు తీసేశారు. నాలుగోసారికి భర్త అవినాష్ అదే టీముకి లీడయ్యాడు. ఇంకేం, ఇంటి మనిషికి పేరెందుకు!

నిన్న ఐదో చిప్పు జాబితా పంపాడు. ఆరుగురు. అందులో హెప్సిబా లేదు. ఫోన్ చేసి అడిగింది.

"ఇద్దరికీ కలిపి ఒకటే చాలదా హెప్సీ? పైగా నెలంతా మీ అమ్మావాళ్లింట్లోనే ఉన్నావు. ఎవరు చూస్తారు చెప్పు, మైక్రోస్కోప్ పెడితే గానీ కనబడదు."

ఎవరూ చూడని దాంట్లో అవినాష్ రెండక్షరాలు మాత్రం మొదట ఎందుకుండాలో అతను చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు. సరే అని పెట్టేసింది. పెట్టేశాక ఒళ్లు మండిపోయింది, తన మీద తనకే.

పదకొండింటికి చాందినిని తీసుకుని, అమ్మానాన్నలతో కలిసి రిటైర్మెంట్ కాగితాలు ఇవ్వడానికి రైల్వే ఆఫీసుకి వెళ్లింది. నాన్న జేబులోంచి పెన్ను తీసి చకచకా సంతకాలు పెట్టేశాడు. భార్య సంతకం దగ్గరికి వచ్చేసరికి గుమాస్తా తలెత్తకుండానే సిరా డబ్బా తోశాడు. "అంగూఠా లగా దో, అమ్మా." ఎర్రమ్మ బొటనవేలు చాచింది. ఏ మాత్రం సందేహించలేదు. వేలు ఒత్తి, కొంగుకి తుడుచుకుంది.

హెప్సిబా ఆ ముద్రనే చూసింది. అమ్మ వేలిముద్ర పెట్టడమేంటి? అమ్మ సంతకం పెట్టగా తను వందసార్లు చూసింది కదా!

ఆ గేటు గది ఇప్పటికీ ఇనుపరాయి వాసనతో సహా గుర్తుంది. గేటుకి ఇవతల చింతపండు, చాపడా అనే ఎర్రచీమల పచ్చడి దొన్నెల్లో పెట్టుకుని అమ్ముకునే కోసే అన్న గోండు మనిషి, ఆమెతో గోండీలో కబుర్లాడుతూ అమ్మ, బల్ల కింద తన పలక. నాన్నకి తరచూ జ్వరం. కొన్నిసార్లు నిజంగా మలేరియా, కొన్నిసార్లు పేకాట. ఆయన లేని పూట అమ్మే ఫోన్ ఎత్తేది. స్టేషన్ నుంచి రైలు బయల్దేరిందంటే గేటు వేసి, వాళ్లు చెప్పిన నంబరు రిజిస్టర్లో రాసి, పక్కన సంతకం పెట్టేది. ఎన్ని రైళ్లు అలా క్షేమంగా దాటాయో! ఆ గది చల్లదనం, గూడ్సు వెళ్తుంటే బల్ల వణకడం, అమ్మ చెమట వాసన, అవన్నీ మళ్లీ కావాలనిపించింది. అమ్మ పక్కన కూర్చున్న ఆ ఏడేళ్ల పిల్లంత సుఖంగా తను మళ్లీ ఎక్కడా కూర్చోలేదు.

తిరిగొస్తుంటే దారిలో అడిగింది. నాన్న ముందు నడుస్తున్నాడు, చాందిని చెయ్యి పట్టుకుని.

"అమ్మా, నీకు సంతకం వచ్చు కదా. వేలెందుకు ఒత్తావు?"

ఎర్రమ్మ వింతగా చూసింది. "నాకు మీ నాన్న పేరే వొచ్చునే. పలకమీద నువ్వు నేర్పినావు కాదేటి, అదొక్కటే."

హెప్సిబా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. నిజమే. తనే నేర్పింది. ఇంగ్లీషులో ఎస్, పక్కన చుక్క, తర్వాత రావు. తోక ఎక్కడ తిప్పాలో అమ్మ చెయ్యి పట్టుకుని మరీ దిద్దించింది. నీ పేరు కూడా రాద్దామా అని ఆ పిల్లకి తోచలేదు. ఆ తర్వాత ఇంజనీరు అయినా తోచలేదు. ఎంత సిగ్గేసిందో చెప్పలేం. అమ్మ చేత నాన్న పేరు రాయించిన చెయ్యే, అందరి అక్షరాలూ చెక్కి తన చోటు వదిలేస్తోంది.

గుమాస్తా దగ్గరికి రేపు మళ్లీ వెళ్దామంది. ఇంకో ఫారం అడిగి తెస్తానంది. "ఇప్పుడెందుకే, అయిపోనాది కదా" అని ఎర్రమ్మ గొణిగింది, కానీ కాదనలేదు.

భోజనాలయ్యేసరికి ఓ గూడ్సు వెళ్లింది. కిటికీ గట్టు మళ్లీ ఎర్రగా అయింది. తడిగుడ్డ తేబోయిన అమ్మని హెప్సిబా ఆపింది. ఆ పొడిలో వేలితో అమ్మ పేరు మూడక్షరాలూ రాసి చూపించింది. ఎర్రమ్మ పొద్దున సిరా అంటిన వేలితోనే వాటి కింద దిద్దింది. ఒత్తు కుదరలేదు. నాలుక కొరుక్కుని మళ్లీ రాసింది. నాలుగోసారికి తలుపు వైపు తిరిగి చూసింది, ఎవరైనా చూస్తున్నారేమోనని.

అమ్మని అక్కడే వదిలి హెప్సిబా ల్యాప్‌టాప్ తెరిచింది. జాబితాలో ఉన్న ఆరుగురి అక్షరాలూ వరసగా చెక్కింది. చెక్కాక చోటు చూసుకుంది. వాళ్లందర్నీ కాస్త జరిపి, ముందు వరసలో ఇంగ్లీషులో ఏడక్షరాలు పెట్టింది, పొడి అక్షరాలు కావు, తన పూర్తి పేరు. తీగలేవీ తగలడం లేదని రెండుసార్లు సరిచూసి పంపేసింది.

అరగంటకి అవినాష్ ఫోన్. మూలలో పేర్లు సరిపోయాయా అని అడిగాడు.

"సరిపోయాయి," అంది హెప్సిబా, కిటికీ దగ్గర ఇంకా దిద్దుకుంటున్న అమ్మని చూస్తూ. "నీ రెండక్షరాలే కాస్త చిన్నవి చెయ్యాల్సొచ్చింది."